తారుకు బొగ్గే విరుగుడు: కొత్త ఉత్ప్రేరకాల వల్ల తారు వ్యాపారానికి లాభమా, నష్టమా?

నేలబొగ్గు తారుకు రెండు ముఖాలున్నాయి. ఉక్కు కర్మాగారంలో అది టెండరు పిలిచి, తూకం వేసి, ట్యాంకర్లకెత్తి అమ్మే సరుకు. నేలబొగ్గును గ్యాసుగా మార్చే కర్మాగారంలో అదే తారు గొట్టాలను పూడ్చి, యంత్రాలను ఆపి, చివరకు యజమానిని కోర్టు మెట్లెక్కించే పీడ. ఒకచోట కాసులు రాల్చేది మరొకచోట కాసులు మింగుతున్నది.

ఈ పీడను వదిలించడానికి బొగ్గునే మందుగా వాడే పద్ధతి ఇటీవలి సంవత్సరాలలో పరిశోధనశాలలను దాటి పారిశ్రామికుల చర్చల్లోకి వచ్చింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్లు, బొగ్గు నుంచి పుట్టిన తారును ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు మీదుగా పంపి గ్యాసుగా విరగ్గొట్టడం ఇందులోని కీలకం. దీనివల్ల తారు సరఫరా తగ్గిపోతుందా, పిచ్, నాఫ్తలీన్ బేరాలపై దెబ్బ పడుతుందా, లేక కొత్త సరుకేదైనా మార్కెట్టులోకి వస్తుందా అన్నది వర్తకులు తేల్చుకోవలసిన ప్రశ్న.

ఒకే సరుకు, రెండు విలువలు

ముందుగా ఒక పొరపాటును తొలగించుకోవాలి. రోడ్లకు వేసే నల్లని పదార్థాన్ని వాడుకలో తారు అంటున్నప్పటికీ, నేడది పెట్రోలియం శుద్ధిలో అడుగున మిగిలే బిట్యుమెన్. నేలబొగ్గు తారు వేరు. గాలి తగలకుండా సుమారు 1,000 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిలో బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే ఆవిరులు చల్లారితే మిగిలేదే ఇది. విశాఖ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్ల నుంచి వచ్చేది ఈ జాతి తారే.

కోక్ ఓవెన్‌లో టన్ను బొగ్గుకు దిగే తారు 30 నుంచి 40 కిలోలు మాత్రమే. అంటే పది లక్షల టన్నుల బొగ్గును కోక్‌గా మార్చితే 30 నుంచి 40 వేల టన్నుల తారు చేతికి వస్తుంది. దానిని స్వేదనం చేస్తే సుమారు సగం పిచ్‌గా మిగులుతుంది. పదోవంతు వరకు నాఫ్తలీన్, తక్కినది క్రియోసోట్, ఆంత్రసీన్ నూనెలు, కొద్దిగా ఫినాల్ జాతి పదార్థాలు.

వీటిలో ప్రతిదానికీ వేరు వేరు కొనుగోలుదారులున్నారు. అల్యూమినియం కర్మాగారాలలో వాడే కార్బన్ ఆనోడ్లకు పిచ్చే జిగురు. ఆనోడ్ మిశ్రమంలో దాని వాటా 15 శాతం ప్రాంతంలో ఉంటుంది. ఒడిశాలోని అంగుల్‌లో నాల్కో అయినా, గల్ఫ్ దేశాలలోని కర్మాగారాలైనా పిచ్ లేకుండా అల్యూమినియం తీయలేవు. నూనెలు టైర్లకు కావలసిన కార్బన్ బ్లాక్ తయారీకి పోతాయి. నాఫ్తలీన్ అనగానే బీరువాలో వేసే కలరా ఉండలే గుర్తుకు వచ్చినా, దానికి పెద్ద గిరాకీ కాంక్రీటులో కలిపే రసాయనాల నుంచీ, థాలిక్ ఆన్‌హైడ్రైడ్ తయారీ నుంచీ వస్తున్నది.

ఈ వ్యాపారంలో తెలుగువారి పాత్ర చిన్నదేమీ కాదు. హైదరాబాదు కేంద్రంగా గల రెయిన్ సంస్థ 2013లో ఐరోపాలో పేరుమోసిన తారు స్వేదన సంస్థ రూట్గర్స్‌ను కొనుగోలు చేసింది. 1849లో రైలు స్లీపర్లకు తారు నూనె పట్టించే పనితో జర్మనీలో మొదలైన సంస్థ అది. విశాఖలో పెట్రోలియం కోక్‌ను కాల్చి శుద్ధి చేసే సంస్థే పిచ్‌ను కూడా చేజిక్కించుకోవడంతో, ఆనోడ్‌కు కావలసిన రెండు ముడిసరుకులూ ఒకే చేతికి వచ్చాయి.

మోర్బీ నేర్పిన పాఠం

తారుకున్న రెండో ముఖాన్ని చూడాలంటే గుజరాత్‌లోని మోర్బీకి వెళ్లాలి. దేశమంతటికీ సిరామిక్ టైల్స్ సరఫరా చేసే ఈ పట్టణంలో పలు బట్టీలు బొగ్గు గ్యాసిఫయర్లపై నడిచేవి. బొగ్గును చాలినంత గాలి అందకుండా మండించి, వచ్చిన గ్యాసును బట్టీకి పంపేవారు. సహజ వాయువుతో పోల్చితే ఇది చవక ఇంధనం.

అయితే గ్యాసుతో పాటు తారూ వచ్చేది. దానిని వదిలించడానికి గ్యాసును నీటితో కడిగితే ఫినాల్ కలిసిన విషపు నీరు మిగిలేది. ఇది ఇంటి చెత్తను ఊడ్చి వీధిలో పోసినట్లే తప్ప పరిష్కారం కాదు. కాలుష్యంపై ఫిర్యాదులు పెరిగి, 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ అక్కడి బొగ్గు గ్యాసిఫయర్లను మూసివేయవలసిందిగా ఆదేశించింది. బట్టీలు సహజ వాయువుకు మారాయి. ఆపైన 2022లో ప్రపంచ మార్కెట్టులో గ్యాసు ధర మండిపోయినప్పుడు పలు యూనిట్లు ప్రొపేన్ వైపు పరుగులు తీశాయి. టైల్స్ ధరల హెచ్చుతగ్గులు ఆంధ్ర, తెలంగాణ డీలర్ల దాకా పాకాయి.

ఇక్కడ బొగ్గు గ్యాసును దెబ్బతీసినది బొగ్గు ధర కాదు, బొగ్గు కొరతా కాదు. తారు, దానిని కడిగిన నీరు. ఆ తారును గ్యాసిఫయర్ గడప దాటకముందే గ్యాసుగా మార్చే చవక మార్గం అప్పుడు చేతిలో ఉండి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదేమో. కొత్త ఉత్ప్రేరకాలపై ఆసక్తికి కారణం ఇదే.

తారును విరగ్గొట్టే దారులు

తారు అణువులు బరువైనవి. బెంజీన్ వలయాలు రెండు, మూడు, నాలుగు కలిసి అతుక్కున్నవి. ఆవిరి రూపంలో ఉన్నంతసేపు అవి పెద్దగా బాధ పెట్టవు. గ్యాసు 350, 400 డిగ్రీలకు చల్లబడే సరికి బరువైనవి గొట్టాల గోడలకు అంటుకోవడం మొదలవుతుంది. దుమ్ముతో కలిసి బంకగా మారుతుంది.

ఎంత తారు వస్తుందన్నది గ్యాసిఫయర్ జాతిని బట్టి ఉంటుంది. కర్ర, ఊక వంటి వాటితో నడిపే వాటిలో గ్యాసు పైకిపోయే రకంలో ఘనపు మీటరుకు 50 గ్రాములు, ఆ పైన ఉంటుంది. ఇసుక పరుపును గాలితో తేలించే రకంలో సుమారు 10 గ్రాములు. గ్యాసు కిందికి దిగే రకంలో గ్రాము ప్రాంతం. గంటకు వెయ్యి ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే మధ్యరకం యంత్రంలో 10 గ్రాముల లెక్కన గంటకు 10 కిలోలు, రోజుకు 240 కిలోల తారు పేరుకుంటుంది. ఆ గ్యాసుతో ఇంజను నడపాలంటే తారు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములకు మించరాదు. అంటే నూటికి 99 వంతులు పోవాలి.

కేవలం వేడితోనే విరగ్గొట్టాలంటే 1,100, 1,200 డిగ్రీలు కావాలి. ఆ వేడి కోసం తయారైన గ్యాసులో కొంత తిరిగి మండించవలసి వస్తుంది. కనుకనే ఉత్ప్రేరకం, అంటే కెటలిస్టు, అవసరమైంది. నికెల్ ఉత్ప్రేరకం చురుకైనది, కాని ఖరీదైనది. బొగ్గు గ్యాసులోని గంధకం సోకితే నీరసిస్తుంది. పైన మసి పేరుకుంటే పని మానేస్తుంది. వాడి పారేసిన నికెల్‌ను పూడ్చడం కూడా సమస్యే. డోలమైట్ రాయి చవక, కాని వేడికి పొడిపొడి అయి గ్యాసులో ఎగిరిపోతుంది.

ఈ రెంటి మధ్య నిలిచినది చార్ అని పిలిచే కాలిన బొగ్గు. గ్యాసిఫయర్‌లోనే తయారవుతుంది కనుక దానికి వేరే కొనుగోలు ఖర్చు లేదు. పని ముగిసిన తరువాత దానినే ఇంధనంగా మండించుకోవచ్చు.

మార్పు చేసిన బొగ్గు ఎలా పని చేస్తుంది?

చార్ ముక్కలో కంటికి కనబడని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. వేడి గ్యాసు దాని గుండా పోతున్నప్పుడు తారు అణువులు ఆ రంధ్రాలలో చిక్కుకుంటాయి. అక్కడ కొంత విరిగి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి తేలిక గ్యాసులవుతుంది. కొంత మసిగా రంధ్రాలను మూస్తుంది. నీటి ఆవిరి తోడైతే ఆ మసిని కూడా గ్యాసుగా మార్చి రంధ్రాలను తిరిగి తెరుస్తుంది. మసి పడే వేగాన్ని మించి ఆవిరి దానిని తినివేస్తూంటే చార్ పని సాగుతుంది. తేడా వస్తే నిలిచిపోతుంది. ఈ రంగంలో గెలుపూ ఓటమీ ఈ సమతూకం మీదనే ఆధారపడి ఉన్నాయి.

మార్పు చేయడమంటే ఈ సమతూకాన్ని మనవైపు మొగ్గించడమే. ఆవిరితోగాని, ఆమ్లంతోగాని శుద్ధి చేసి రంధ్రాలను పెంచడం ఒక పద్ధతి. ఇనుము, నికెల్, పొటాషియం, కాల్షియం వంటి లోహాలను చార్‌పై పట్టించడం రెండవది. వీటిలో ఇనుము చవక, హాని తక్కువ. కనుక పరిశోధకుల మొగ్గు ఎక్కువగా అటువైపు కానవస్తున్నది. ఇలా చేసినందువల్ల 700 నుంచి 900 డిగ్రీల మధ్యనే తారు విరుగుతుంది.

నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాలలో 900 డిగ్రీల వద్ద నాఫ్తలీన్‌ను విరగ్గొట్టడంలో చవక ఉత్ప్రేరకాలన్నింటిలోకి చార్ మేలని తేలింది. డోలమైట్, ఒలివిన్ రాళ్లు దాని వెనుకనే నిలిచాయి. జపాన్‌లోని గున్మా విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయం విక్టోరియా రాష్ట్రపు గోధుమరంగు బొగ్గుపై లోహాలను పట్టించి పరిశీలించాయి. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2002లో నడిపిన వైకింగ్ అనే చిన్న గ్యాసిఫయర్‌లో, కర్ర చెక్కుల నుంచి వచ్చిన తారు ఆవిరులను వేడి చార్ పరుపు గుండా పంపగా తారు దాదాపు మాయమైంది. అయితే అది కర్రతో నడిచే చిన్న యంత్రమన్న సంగతి మరువరాదు.

మన బొగ్గు విషయానికి వస్తే ఒక చిక్కున్నది. విక్టోరియా బొగ్గు వంటి లేత బొగ్గులో లోహాన్ని పట్టి ఉంచే ఆమ్ల గుణం సహజంగానే ఉంటుంది. మన దేశంలో నైవేలీ, కచ్ఛ్ లిగ్నైట్లు ఆ జాతికి దగ్గర. సింగరేణి బొగ్గు వయసులో ముదురు, బూడిద హెచ్చు. దానిపై లోహం సమంగా పరచుకునేట్లు చేయాలంటే ముందు శుద్ధి కావాలి, అంటే ఖర్చు. విదేశీ ప్రయోగ ఫలితాన్ని మన బొగ్గుకు యథాతథంగా అన్వయించడం లెక్క తప్పడమే అవుతుంది.

రామగుండం నుంచి అంగుల్ దాకా

తారు లేకుండా బొగ్గు గ్యాసు తీయడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎరువుల కర్మాగారం బొగ్గు గ్యాసుతోనే యూరియా తయారు చేసింది. అక్కడి కోపర్స్-టోట్జెక్ గ్యాసిఫయర్లలో బొగ్గు పొడిని ఆక్సిజన్‌తో కలిపి అతి తీవ్రమైన వేడిలో మండించేవారు. ఆ వేడికి తారు నిలవదు. కాని ఆ పద్ధతి మన అధిక బూడిద బొగ్గుతో నిలకడగా నడవలేదు. కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో అదే చోట తిరిగి మొదలైన యూరియా ఉత్పత్తి సహజ వాయువుపై ఆధారపడినది. తారు బాధ తప్పించుకోవాలంటే వేడి పెంచాలి, వేడి పెంచితే బూడిదతో తంటా. ఈ ఇరకాటంలోనే తక్కువ వేడిలో పని చేసే ఉత్ప్రేరకానికి విలువ ఉన్నది.

హైదరాబాదులోని బి.హెచ్.ఇ.ఎల్. పరిశోధన కేంద్రంలో అధిక బూడిద బొగ్గును తేలియాడే పరుపులో గ్యాసుగా మార్చి, రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగాత్మక కర్మాగారాన్ని 2022 జనవరిలో ప్రారంభించారు. పరిమాణం స్వల్పమే అయినా దిశ గమనించదగినది. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకున్నది. 2024 జనవరిలో అందుకు రూ. 8,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది.

అన్ని గ్యాసిఫయర్లకూ ఈ ఉత్ప్రేరకం అవసరం లేదు. ఒడిశాలోని అంగుల్‌లో జిందాల్ స్టీల్ వాడే లుర్గీ రకంలో తారు వెలువడుతుంది. ఈ రకం కర్మాగారాలు పెద్ద ఎత్తున నడిచే చోట తారును విరగ్గొట్టకుండా వేరు చేసి అమ్ముకోవడమే పరిపాటి. అమెరికాలోని నార్త్ డకోటాలో 1984లో మొదలైన గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారం ఫినాల్, క్రెసిలిక్ ఆసిడ్ అమ్మకాలతో అదనపు రాబడి పొందుతూ వచ్చింది. తారు రాశి పెద్దదైతే అది సరుకు, రాశి చిన్నదైతే అది చెత్త. కొత్త ఉత్ప్రేరకానికి చోటు ఈ చిన్న రాశుల దగ్గరే.

తారు బేరాలపై ప్రభావం

కోక్ ఓవెన్ తారు వ్యాపారికి ఈ ఉత్ప్రేరకం వల్ల ముప్పు కానరావడం లేదు. అమ్మితే డబ్బు వచ్చే తారును ఏ ఉక్కు కర్మాగారమూ గ్యాసుగా మార్చుకోదు. పిచ్ విలువ గ్యాసు విలువ కంటె హెచ్చుగా ఉన్నంతకాలం ఈ లెక్క మారదు. పోతే, గ్యాసిఫయర్ తారు పిచ్‌కు పోటీ వస్తుందన్న భయమూ నిరాధారమే. తక్కువ వేడిలో పుట్టిన తారులో ఫినాల్ జాతి పదార్థాలు హెచ్చు. ఆనోడ్ పిచ్‌కు కావలసిన గట్టిదనం దానికి రాదు. చైనాలోని షాన్సీ రాష్ట్రంలో ఇటువంటి తారుకు హైడ్రోజన్ పట్టించి ఇంధన నూనెలుగా మార్చుతున్నారు గాని, ఆనోడ్లకు పంపడం లేదు.

తారు ధరను నిజంగా కదిలించేవి వేరు. తారు కోసం ఎవరూ కోక్ కాల్చరు. కనుక తారుకు గిరాకీ పెరిగినా సరఫరా పెరగదు, ఉక్కు మందగిస్తే గిరాకీ ఉన్నా సరుకు దొరకదు. బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో 2024 మార్చిలో కోక్ ఓవెన్లు, సెప్టెంబరులో చివరి బ్లాస్ట్ ఫర్నేసు ఆగిపోయాయి. పాశ్చాత్య దేశాలలో ఉక్కు తయారీ విద్యుత్ కొలుముల వైపు మళ్లే కొద్దీ అక్కడ తారు తగ్గుతుంది. 2017 నాటి జాతీయ ఉక్కు విధానం 2030-31కి 30 కోట్ల టన్నుల ఉత్పత్తి సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకున్నందున మన దేశంలో కోక్ ఓవెన్లకు ఇంకా పని ఉన్నది. వర్తకులు కన్నేసి ఉంచవలసినవి ఇవీ, ఫర్నేస్ ఆయిల్ ధరా, అల్యూమినియం ధోరణీ గాని, పరిశోధనశాలలోని చార్ కాదు.

కొబ్బరి చిప్ప బొగ్గు వ్యాపారులలో ఒక ఆశ ఉండవచ్చు. యాక్టివేటెడ్ కార్బన్‌కు కొత్త గిరాకీ వస్తే కోనసీమ చిప్పకు ధర పలుకుతుందని. ఆ ఆశ పెట్టుకోవడం తొందరపాటు. చార్‌లోని ఆకర్షణే అది గ్యాసిఫయర్‌లో ఊరికే దొరకడం. నీటి శుద్ధికి, బంగారం వెలికితీతకు పోయే మేలు రకం కార్బన్‌ను ఆవిరి తినివేసే పరుపులో పోయడం ఎవరికీ గిట్టదు.

బేరానికి ముందు అడగవలసినవి

చిన్న గ్యాసిఫయర్లు నడిపే మిల్లులు, బట్టీల వారికి మాత్రం ఈ పద్ధతి ప్రయోజనకరం కాగలదు. తారు తొలగించే పొడి పేరిట ఎవరైనా సరుకు తెచ్చినప్పుడు కొన్ని విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

ఒకటి, ఏ వేడిలో పని చేస్తుంది? 900 డిగ్రీలు కావాలంటే ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో, గ్యాసులో ఎంత భాగం అందుకు ఖర్చవుతుందో లెక్క చూడాలి.

రెండు, ప్రయోగం అసలు తారుపై జరిగిందా, లేక ఒక్క నాఫ్తలీన్, టొలుయిన్ వంటి నమూనాపై జరిగిందా? నమూనాపై వచ్చిన ఫలితం అసలు తారుపై అంతగా రాకపోవచ్చు.

మూడు, ఎన్ని గంటలు పని చేసింది? మొదటి గంటలో 95 శాతం తొలగించిన చార్ పదో గంటకు ఏ స్థితిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

నాలుగు, గంధకం ఉన్న గ్యాసులో పరీక్షించారా?

ఐదు, చార్ ఎంత తరిగిపోతుంది, వాడిన దానిని ఏం చేయాలి? ఇనుము పట్టించినదైతే మండించుకోవచ్చు. నికెల్ అయితే వదిలించుకునే ఖర్చును ముందే ధరలో కలుపుకోవాలి.

మరో విషయం డబ్బుకు సంబంధించినది కాకపోయినా విస్మరించరానిది. నేలబొగ్గు తారు పిచ్ మానవులకు క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. ట్యాంకర్ మూత తెరిచే కూలి, గ్యాసిఫయర్ గొట్టం గీకే కార్మికుడు ఆ ఆవిరి పీల్చేవారే. గొట్టంలో తారు పేరుకోకుండా చూడడం వల్ల ఆదా అయ్యేది డబ్బు ఒక్కటే కాదు.

మొత్తం మీద కోక్ ఓవెన్ తారు వ్యాపారానికి ఇప్పట్లో అలజడి లేదు. మార్పు చేసిన చార్ ఆ సరుకుకు పోటీదారు కాదు. ఎవరూ కొనని తారుకు మాత్రమే అది మందు. ఆ మందు మన బొగ్గుపై, మన బూడిదతో, నెలల తరబడి పని చేసి చూపించిన నాడు బొగ్గు గ్యాసుకు తిరిగి రోజులు రాగలవు. అంతవరకు వర్తకులు ఆసక్తితో గమనించడం మంచిదే గాని, దానిని నమ్ముకుని అడ్వాన్సులు ఇవ్వడం తగదు.